సత్యవేణి మీటరూ, మూగనోము పట్టిన పొక్లెయినూ

సత్యవేణికి కోపం ముక్కు మీదే ఉంటుందని మౌలాలి రైల్వే కాలనీలో అందరికీ తెలుసు. పాలవాడికి తెలుసు, గ్యాసు బండ తెచ్చేవాడికి ఇంకా బాగా తెలుసు. ఆవిడ చేసే పని ఏమిటో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. "మీ ఆవిడ ఎక్కడ చేస్తోందండీ?" అని ఎవరైనా అడిగితే, ఆమె భర్త రమణబాబు, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునే మెత్తని మనిషి, కాస్త నసిగి "ఎలక్ట్రానిక్స్‌లోనండీ" అనేవాడు. ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఎవరిని కదిపినా సాఫ్ట్‌వేరే. ఎలక్ట్రానిక్స్ అనగానే అవతలివాళ్ళు "ఓహో, హైటెక్ సిటీయా!" అని కళ్ళు పెద్దవి చేసేవారు. రమణబాబు కాదనేవాడు కాదు. ఆ మాట సత్యవేణి చెవిన పడిందా, అయిపోయిందే. "హైటెక్ సిటీ కాదు, దానికి పునాదులు తవ్వే బండ్లు బాగుచేస్తాను. నేను లేకపోతే ఆ అద్దాల మేడలే లేవు, తెలిసిందా?" అని నడివీధిలో చెప్పేసేది. అందులో సగం గొప్పలే అనుకోండి. మిగతా సగం మాత్రం అక్షరాలా నిజం.

విజయనగరంలో డిప్లొమా చదువుకుని, పెళ్ళయి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆమె రెజిమెంటల్ బజార్‌లో ఒక దుకాణంలో ఇంటర్‌కమ్ ఫోన్లు బాగుచేసేది. ఆఫీసుల్లో మేనేజరు బల్ల మీది ఫోను గుమాస్తా బల్ల మీద మోగకపోతే సత్యవేణిని పిలిచేవారు. ఆవిడ వచ్చి గోడల వెంట తీగలు తడుముకుంటూ పోయి, ఎలక కొరికిన చోటు పట్టుకుని, ఆ ఎలకనీ, దాన్ని పెంచి పోషించిన ఆఫీసువాళ్ళనీ కలిపి తిట్టి, బాగుచేసి వెళ్ళేది. అలా ఒకరోజు అమ్మిరాజుగారి యార్డుకి వచ్చింది.

అమ్మిరాజుగారిది భీమవరం దగ్గర పల్లె. మౌలాలి గుట్ట అవతల ఖాళీ జాగా తీసుకుని, పాత పొక్లెయిన్లు అమ్మే వ్యాపారం పెట్టారు. కాగితాల మీద వాటి పేరు ఎక్స్‌కవేటరే గానీ, జనం నోట్లో ఏ కంపెనీదైనా పొక్లెయినే. జపానులో పాతబడిన బండ్లు ఓడెక్కి మద్రాసులో దిగి, ట్రైలర్ల మీద ఇక్కడికి వచ్చేవి. మెకానిక్కులు వాటి ఇంజన్లు విప్పి కళ్ళు మూసుకుని బిగించేసేవారు. కానీ కొత్త తరం బండ్లలో ఒక తిరకాసుంది. ఇంజనుకో కంప్యూటరు పెట్టె, పంపుకో పెట్టె, డ్రైవరు ముందు ఒక చిన్న తెర. ఈ మూడూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటేనే బండి కదులుతుంది. మాట్లాడుకునేది పురిపెట్టిన రెండు సన్నటి తీగల మీద. ఆ మాట ఆగిపోతే ఇంజనెంత బాగున్నా ప్రయోజనం లేదు. బండి మూగనోము పట్టినట్టు బకెట్టు గాల్లో పెట్టుకుని నిలబడిపోతుంది.

ఇంటర్‌కమ్ బాగుచేయడానికి వచ్చిన సత్యవేణి, యార్డు మూల అలా నిలబడిపోయిన ఒక బండిని చూసి, "దీనికేమైందండీ?" అంది. "ఏమోనమ్మా, దాని కంప్యూటర్లు అలిగాయంట, ఒకదాంతో ఒకటి మాట్లాడుకోవంట" అన్నారు అమ్మిరాజుగారు విసుగ్గా. "ఇదీ ఇంటర్‌కమ్ లాంటిదే కదా!" అని ఆవిడ మీటరు పట్టుకుని పైకెక్కేసింది. కిందికి దిగేసరికి బండి మాట్లాడుతోంది. "ఆయ్, ఇదేదో బాగుందమ్మా!" అని అమ్మిరాజుగారు ఆవిడను వదిలిపెట్టలేదు. యార్డులో రేకుల షెడ్డు వేయించి, ఒక బెంచీ, దీపం, టంకం పెట్టుకునే సామాను ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ బెంచీ అంటే సత్యవేణికి ప్రాణం. దాని మీద ఎవరైనా టీ గ్లాసు పెడితే ఇంతెత్తున లేచేది.

ఇక అప్పటినుంచి బండి కొనడానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది, "మేడం చూశారా?" అనే. మేడం చూసి సరేనంటే బేరం కుదిరినట్టే. అమ్మిరాజుగారు కూడా మీసం దువ్వుకుని, "మా సత్యవేణి ఊఁ అందంటే ఇక చూసుకోనక్కర్లేదండీ" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆవిడకి ఒళ్ళు గాల్లో తేలేది. పైకి మాత్రం వినపడనట్టు తీగలు సర్దుకునేది.

ఇలా ఉండగా వచ్చిపడింది రామ్మోహనరావుగారి బండి గొడవ.

రామ్మోహనరావుగారు గుంటూరు వైపు నుంచి వచ్చిన కాంట్రాక్టరు. సైనిక్‌పురిలో ఒక ఆఫీసు భవనానికి సెల్లారు తవ్వకం పట్టారు. సత్యవేణి ఊఁ అన్నాకే పసుప్పచ్చ పొక్లెయిన్ ఒకటి కొనుక్కెళ్ళారు. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా తవ్వింది. తర్వాత మొదలైంది రోగం. తవ్వుతూ తవ్వుతూ ఉన్నట్టుండి తెర మీద ఎర్ర దీపం వెలుగుతుంది, ఇంజను నీరసపడిపోతుంది, బకెట్టు ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. కింద లారీలు వరస కట్టి హారన్లు కొడుతుంటాయి.

సత్యవేణి స్కూటీ మీద వెళ్ళింది. ఆ బండి డ్రైవరు తుకారాం, ఆదిలాబాద్ వాడు, నెమ్మదస్తుడు. ఆవిడ గేటు దాటుతుండగానే చూసి, చెయ్యెత్తి దణ్ణం పెట్టి, "నమస్తే అక్కా! జెర ఆడనే ఆగు, బండి గరమ్ మీదుంది, సల్లారనియ్యి" అని కేకేసి, గబగబా దిగి బండి వెనక్కి వెళ్ళాడు. మగవాడు, పొద్దుట్నుంచీ సీట్లో కూర్చున్నవాడు, వెనక్కి ఎందుకు వెళ్ళాడో ఆడమనిషి అడగగలదా? సత్యవేణి మర్యాదగా మొహం అటు తిప్పుకుని, లారీల నంబర్లు చదువుతూ నిలబడింది. తుకారాం ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇగ రా అక్కా" అన్నాడు.

ఆవిడ ఎక్కి చూసింది. రెండు తీగల మధ్య మీటరు పెడితే అరవై ఓములు చూపించాలి. సరిగ్గా అరవై చూపించింది. జాయింట్లన్నీ ఊడదీసి శుభ్రం చేసింది, లాగి చూసింది, ఊపి చూసింది. ఏ లోపమూ లేదు. నడపమంటే బండి బంగారంలా నడిచింది. "బాగానే ఉందిగా!" అని ఇంటికొచ్చేసింది. మర్నాడే అమ్మిరాజుగారి ఫోను: మళ్ళీ ఆగిందట.

మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తుకారాం దూరం నుంచే దణ్ణం పెట్టి, బండి వెనక్కి వెళ్ళొచ్చాడు. మళ్ళీ మీటరు అరవై. మళ్ళీ బండి బంగారం. ఆవిడ వెనుదిరిగిన తర్వాత మళ్ళీ మూగనోము. "నువ్వుంటే మంచిగ నడుస్తది అక్కా, నువ్వు పోంగనే పరేషాన్ షురూ జేస్తది. దేవుని మీద ఒట్టు, నేనేం జెయ్యలే" అని తుకారాం తల పట్టుకున్నాడు. ఆఖరికి బండినే ట్రైలర్ మీద యార్డుకి రప్పించి, రోజంతా తన కళ్ళ ముందు తుకారాం చేతే తవ్వించింది. ఒక్కసారి ఆగితే ఒట్టు! నవ్వాలో ఏడవాలో తెలియక సత్యవేణి ఆ బండి చక్రపు గొలుసుని చెప్పుకాలితో ఒక్క తన్ను తన్నింది. కాలే నొప్పి పుట్టింది.

రామ్మోహనరావుగారికి ఓపిక నశించింది. యార్డుకి వచ్చి, టీ కూడా ముట్టుకోకుండా అన్నారు: "ఏందమ్మా, నువ్వేగా బాగుందని చెప్పింది? నీ మాట మీదేగా నేను కొన్నది! ఇంకో ఇంజనీరుని అడిగితే కంప్యూటరు పెట్టె మార్చమన్నాడు."

"పెట్టె బాగానే ఉందండీ. పెట్టెల మధ్య మాటే ఎక్కడో తెగుతోంది. ఆ చోటే నాకు దొరకడం లేదు."

"దొరికేదాకా నా లారీలు గుడ్లప్పగించి చూస్తుండాలా? శనివారం మధ్యాహ్నం ట్రైలర్ పంపిస్తున్నా. మీ బండి మీరు తీసేసుకోండి."

ఆయన వెళ్ళాక అమ్మిరాజుగారు కేకలేసినా బాగుండేది. ఆ మనిషి గొంతు తగ్గించి మాట్లాడారు. "చూడమ్మా సత్యవేణీ. నీ మాట చెప్పి అమ్మిన బండి వెనక్కొస్తే, ఇక ఆ మాట ఈ యార్డులో చెల్లదు. నాలుగు ఊళ్ళ కాంట్రాక్టర్లకి తెలిసిపోతుంది. నిన్ను పొమ్మనను. కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసుకో. షెడ్డులో గొలుసులు, సామాను పెట్టుకుంటాం."

బిల్లులు! సత్యవేణి తప్పు చూపించలేకపోయింది, అంతే కదా. షెడ్డులోకి వెళ్ళి, బెంచీ మీద దుమ్ము లేకపోయినా గుడ్డ పెట్టి తుడిచింది. ఆవిడకి ఏడుపు వచ్చింది. ఎవరూ చూడకుండా ఏడ్చేసింది కూడా.

శనివారం పొద్దున సత్యవేణి వంటింట్లో గిన్నెల్ని ఎత్తి పడేస్తోంది. అత్తగారు అచ్చియమ్మ, శ్రీకాకుళం మాట ఇసుమంత కూడా మారని మనిషి, గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏటే కోడలా, ఆ గిన్నెలేటి సేసినాయి నిన్ను? మొకం అలగెట్టినావేటి?"

"ఏమీ లేదత్తా."

"నేదా? అయితే కాఫీ ఎట్టు. పక్క క్వార్టర్లోకి కొత్తగా దిగినోల్లు వస్తామన్నారు." అంటూ ముసలావిడ స్టూలు లాక్కుని, ఎక్కి, వీధి గుమ్మానికి కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండని తెంపింది. దాన్ని కాగితంలో చుట్టి, కొంగు చాటున పెట్టుకుని పెరటి వైపు నడిచింది.

"అదెందుకు తీసేశావత్తా? మొన్నే కదా కట్టావు?"

"ఓలమ్మ, ఇన్నాల్లు కాపరం సేసి ఇదీ తెల్దేటి నీకు? ఆ కాయ ఈ ఇంటి దిష్టంతా తాగేసుంటాది. వచ్చినోల్లు దాని కిందనుంచి నడిస్తే ఆల్లకి సుట్టుకుంటాది. కావలసినోల్లు వచ్చినప్పుడు ముందుగాల తీసెయ్యాల."

"మరి కొంగు చాటున దాచుకోవడం దేనికి?"

"ఆల్ల కల్ల ముందర తీస్తామేటే! మా దిష్టికే కట్టినారు కామాల అని మనసు కష్టపెట్టుకోరూ? ఆల్లు సూడకుండా తియ్యాల, ఆల్లు ఎల్లిపోయినాక కొత్తది కట్టుకోవాల. మరేదో పన్లో ఉన్నట్టు ఎనక్కి ఎల్లిపోవాల."

సత్యవేణి చేతిలో పాలగిన్నె అలాగే ఆగిపోయింది. ఎనక్కి ఎల్లిపోవాల! జెర ఆడనే ఆగు అక్కా! ప్యాంటుకు చేతులు తుడుచుకుంటూ వచ్చిన తుకారాం! ఇంతకాలం ఆ మగవాడు ఎందుకు వెళ్ళాడనుకుని తను మొహం తిప్పుకుంది? బండి యార్డుకి వచ్చినప్పుడు కూడా, పరాయి గేటు దాటే ముందు వాడు బండికి కట్టిన దండ తీసేసి ఉంటాడు. అందుకే తన కళ్ళ ముందు ఆ బండికి ఏ రోగమూ లేదు.

"అత్తా, నువ్వు దేవతవే!" అని ముసలావిడ బుగ్గ గిల్లి, మీటరు సంచీ భుజాన వేసుకుని పరుగెత్తింది.

"ఓసి దీని పిచ్చి తగలెయ్య, కాఫీ ఎవులెడతారే?" అని అచ్చియమ్మ వెనకాల కేకేస్తూనే ఉంది.

సైనిక్‌పురి చేరాక సత్యవేణి గేటు వైపు వెళ్ళలేదు. టీకొట్టు దగ్గర స్కూటీ పెట్టేసి, వెనక ప్రహరీ కూలిన చోటునుంచి దూరి, తవ్విపోసిన మట్టిదిబ్బ ఎక్కింది. చెప్పుల నిండా ఎర్రమట్టి. దిబ్బ మీదనుంచి చూస్తే గోతిలో పొక్లెయిన్ అటు తిరిగి తవ్వుకుంటోంది. దాని వెనక, డ్రైవరు గది అడుగున, ఆకుపచ్చగా పసుప్పచ్చగా ఒక దండ ఊగుతోంది. నిమ్మకాయ కూడా మామూలుది కాదు, దబ్బకాయంత ఉంది. ఈ మహానుభావుడికి బండంటే అంత ప్రేమ.

ఆవిడ చూస్తుండగానే బండి మట్టి ఎత్తి, లారీ వైపు గిర్రున తిరిగింది. దండ విసురుగా ఊగింది. ఇంజను గొంతు పడిపోయింది. బకెట్టు గాల్లో ఆగిపోయింది. లారీవాడు హారన్ కొట్టాడు. ఈ లోకంలో ఒక బండి ఆగిపోయినందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు. సత్యవేణి "హమ్మయ్య, దొరికావురా!" అని అరుస్తూ దిబ్బ మీదనుంచి జారుతూ దిగింది.

ఆవిడని చూసి తుకారాం ముఖం పాలిపోయింది. ఒక్క ఉదుటున దిగబోయాడు.

"దిగకు! కీ ఆపి అక్కడే కూర్చో. కదిలావంటే నా మీద ఒట్టే!"

"అక్కా, నీ కాల్మొక్త, జెర దూరం ఉండు! దాని దగ్గర్కి రాకు! మంచిది కాదక్కా!"

ఆవిడ విననే లేదు. బండి వెనక మూత తీసి, పెట్టెల మధ్య నడిచే రెండు తీగల జాయింటు దగ్గర మీటరు పెట్టింది. అరవై కాదు, సున్నా పక్కనే కొట్టుకుంటోంది. తీగలు రెండూ ఎక్కడో కలిసిపోయాయి! అడుగుకి వంగి చూసింది. దండని తుకారాం దారంతో కట్టలేదు. సైటులో ఇనప చువ్వలు కట్టే బైండింగ్ వైరుతో కట్టాడు. బండి కుదుపులకు దారం తెగిపోతుందని వాడి జాగ్రత్త. కట్టడానికి దొరికిన చోటు, ఆ గది అడుగున వేలాడే నల్లటి తొడుగు. ఆ తొడుగులోనే ఉన్నాయి పెట్టెలు మాట్లాడుకునే తీగలు. వైరు మెలిపెట్టిన కొన సూదిలా తొడుగులోకి దిగి ఉంది. బండి గిర్రున తిరిగినప్పుడల్లా కాయ బరువుకి ఆ కొన ఇంకాస్త లోపలికి దిగి, రెండు తీగల్నీ కలిపి కుట్టేస్తోంది. వైరు తీసేస్తే మిగిలేది సూదిమొన పట్టేంత చిల్లి. అది ఎవరి కంటికి ఆనుతుంది?

సత్యవేణి ఆ దండని చేత్తో పట్టుకుని వైరు విప్పింది. "అయ్యో అక్కా!" అని తుకారాం కళ్ళు మూసుకున్నాడు. మీటరు వైపు చూసింది. అరవై! ఆవిడ గోతి దద్దరిల్లేలా ఒక్క కేక పెట్టింది. లారీల దగ్గర బీడీలు కాల్చుకునేవాళ్ళు ఏదో ప్రమాదం జరిగిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

అదే వేళకి రామ్మోహనరావుగారి జీపు, దాని వెనక పొడుగాటి ట్రైలరూ గేట్లోకి వచ్చాయి. ఆయన దిగీ దిగగానే, "ఎక్కించండయ్యా బండిని" అన్నారు.

"ఒక్క నిమిషం ఆగండి. ఈ బండిని నేను ఆపుతాను, నేనే నడిపిస్తాను. చూసి అప్పుడు ఎక్కించండి" అంది సత్యవేణి. ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. జుట్టు నిండా మట్టి, చేతిలో నిమ్మకాయ దండ.

"ఏందమ్మా, మంత్రాలు కూడా నేర్చావా?"

"తుకారాం, ఎప్పుడూ కట్టినట్టే కట్టు. అదే చోట, అదే వైరుతో. బిగించు."

తుకారాం బిగించి కట్టాడు. సీటెక్కి బండి తీశాడు. ఒకసారి తిరిగింది, ఏమీ కాలేదు. రామ్మోహనరావుగారు చేతి గడియారం చూసుకున్నారు. రెండోసారి మట్టి ఎత్తి విసురుగా తిరగగానే ఇంజను నీరసపడింది, బకెట్టు ఆగింది. చుట్టూ ఉన్నవాళ్ళు "అరె!" అన్నారు. ఆవిడ వెళ్ళి దండ విప్పింది. తుకారాం కీ ఆపి మళ్ళీ తిప్పాడు. ఎర్ర దీపం ఆరిపోయింది, బండి గర్జించి తవ్వడం మొదలుపెట్టింది.

"నమ్మకం లేకపోతే ఈసారి మీరు కట్టండి" అని దండ ఆయన ముందు పెట్టింది.

"నేనా? బాబోయ్, నాకొద్దు తల్లీ, అది దిష్టి తీసిన కాయ!" అని ఆయన ఎగిరి వెనక్కి గెంతారు. అందరూ గొల్లున నవ్వారు. ఆయనకీ నవ్వాగలేదు గానీ, మరుక్షణమే తుకారాం గుర్తొచ్చి మొహం ఎర్రబడింది. "ఓరి నీ దుంప తెగ! ఇన్నాళ్ళూ నా పని మట్టిలో కలిపింది నువ్వా! దిగు, దిగిపో! రేపట్నుంచి నా సైటులో కనబడ్డావంటే..."

తుకారాం దిగి, తల వంచుకుని నిలబడ్డాడు. "పాత బండి, ఎవ్వల కన్ను దాకుతదో అని కట్టిన సార్. అక్క వచ్చినప్పుడు ఆమెకు తక్లీఫ్ కావద్దని తీసిన. నాకు ఇంకేం తెల్వది."

సత్యవేణి తన చేతిలోని దండ వంక చూసుకుంది. తనకి ఏ కీడూ తగలకూడదని ఈ మనిషి ప్రతిసారీ బండి వెనక్కి పరుగెత్తాడు. ఆ మంచితనమే తనని ఇన్ని తిప్పలు పెట్టింది. ఇక ఎవరి మీద కోప్పడతాం చెప్పండి? ఆవిడ మాత్రం రామ్మోహనరావుగారి మీద కోప్పడింది.

"ఎందుకండీ అతన్నలా అంటారు? మీ బండిని ఇంతలా చూసుకునే డ్రైవరు మీకు ఇంకొకడు దొరుకుతాడా? అతనికి తీగలేవో తెలియదు, నాకు నిమ్మకాయ తెలియలేదు. ఇద్దరికీ సరిపోయింది. అతన్ని పంపేస్తే నేనీ బండిని ముట్టుకోను, తీసుకుపోండి!"

ఆయన ఆవిడ వంకా, డ్రైవరు వంకా మార్చి మార్చి చూశారు. "అబ్బో, నోరు కాదమ్మా అది!" అని చేతులు జోడించారు. "సరే, ఉండనీ. ముందు నువ్వు ఆ చిల్లి సంగతి చూడు."

సత్యవేణి తొడుగు చీల్చి, వైరు కుట్టిన మేర తీగల్ని కోసేసి, కొత్తవి పురిపెట్టి టంకం వేసి, టేపు చుట్టి, పైన గట్టి గొట్టం తొడిగింది. తర్వాత బండి ముందు జాలీకి ఒక కొక్కెం బిగించింది. "నీ నిమ్మకాయ ఇక ఇక్కడ కట్టుకో. దిష్టి కూడా ముందునుంచే కదా వస్తుంది! దారంతోనే కట్టు, తెగితే ఇంకోటి కట్టు." తుకారాం పళ్ళన్నీ కనిపించేలా నవ్వి, అప్పటికప్పుడు సీటు కింద నుంచి కొత్త కాయ తీసి కట్టాడు. సైటులో నిలబడిన లారీలన్నీ నిండి వెళ్ళేదాకా బండి ఒక్కసారి కూడా ఆగలేదు. రామ్మోహనరావుగారు ఎండలో గొడుగేసుకుని మరీ నిలబడి చూశారు.

ట్రైలర్ డ్రైవరు విసుక్కున్నాడు. "సార్, ఇగ నేనేం జెయ్యాలె? ఖాళీగ పోవాల్నా?"

రామ్మోహనరావుగారు మీసం కొరుక్కుని, సత్యవేణి దగ్గరికి వచ్చి, కాస్త మెత్తగా అన్నారు: "అమ్మాయ్, కుషాయిగూడలో నాది ఇంకో బండుంది. వేరేవాళ్ళ దగ్గర కొన్నాను. అది కూడా ఇట్లానే మూగదైపోయి పడుంది. ఎవరికీ అంతుబట్టలేదు. నువ్వు చూస్తావా?"

"నా బెంచీ దగ్గరికి పంపించండి, చూస్తాను" అంది ఆవిడ, ఎంతో బింకంగా. లోపల మాత్రం ఎగిరి గంతులేస్తోంది.

మధ్యాహ్నం యార్డులో అమ్మిరాజుగారు ట్రైలర్ కోసం గేటు వైపే చూస్తూ, ఆ చింతలో అన్నం కూడా తినలేదు. వచ్చే బండికి చోటు చేయాలని, షెడ్డులోకి గొలుసులు మోయించడం మొదలుపెట్టారు. కౌంటరు దగ్గర కొత్త కుర్చీ కూడా వేయించారు. ఇంతలో గేటు బయట ట్రైలర్ హారన్. దాని మీద పసుప్పచ్చగా పొక్లెయిన్. ఆయన పై కండువాతో మొహం తుడుచుకున్నారు.

"అనుకున్నంతా అయింది" అన్నారు నీరసంగా. "దింపండి. ఆ మూలన పెట్టండి. అమ్మాయేదీ? పాపం, ఇంటికెళ్ళిపోయిందా?"

ట్రైలర్ ముందు తలుపు తెరుచుకుంది. డ్రైవరు పక్క సీట్లోంచి సత్యవేణి కిందికి దూకింది. మొహం మీద ఎర్రమట్టి చారలు.

"రాజుగారూ, కాస్త కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి. ఇది మనం అమ్మిన బండేనా?"

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నారు. బండి చుట్టూ తిరిగారు. "కాదే! ఇది మనది కాదు. మరి మనదేదమ్మా?"

"సైనిక్‌పురిలో తవ్వుతోంది. ఇది వేరేవాళ్ళు అమ్మినది. నేను చూస్తే గానీ నమ్మనని రామ్మోహనరావుగారు నా బెంచీకి పంపించారు."

అమ్మిరాజుగారు ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "ఆయ్! ఆయ్!" అని మాత్రం అనగలిగారు. అప్పుడు సత్యవేణి షెడ్డు వైపు చూసింది. బెంచీ మీద నల్లటి గ్రీజు గొలుసులు పరిచి ఉన్నాయి. వాటి పక్కన ఎవరిదో టీ గ్లాసు కూడా ఉంది.

"నా బెంచీ మీద గొలుసులు పెట్టిందెవరు?"

మోసినవాళ్ళు రాజుగారి వంక చూశారు. భీమవరం అమ్మిరాజుగారు, అంత యార్డుకి యజమాని, పంచె ఎగ్గట్టి, చేతులకు గ్రీజు అంటుతున్నా లెక్కచేయకుండా మొదటి గొలుసు తనే ఎత్తి బయటికి మోసుకెళ్ళారు.